నాగుల చవితి మరునాటి వార్తలు

నా చిన్నప్పుడు, పదేళ్ళ వయసులో, వినని వార్తను విన్నట్టుగా చెప్పాను. ఆ మాట నమ్మిన మనిషి రైల్వే స్టేషన్‌కి వెళ్ళి పగలంతా ప్లాట్‌ఫారం మీద కూర్చుంది. ఆమె పక్కనే కూర్చుని కూడా నేను నిజం చెప్పలేదు. ఆ తర్వాత యాభై ఏళ్ళ పాటు చెప్పలేదు.

చెప్పకుండానే పోయేవాణ్ణేమో. కానీ రెండు వేల పన్నెండులో, చలి తగ్గుతున్న రోజుల్లో, అమెరికాలో, పిస్కాటవే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో ఉండగా, మనవరాలు ఒక కాగితం పట్టుకుని నా ముందు కూర్చుంది. అది అయిదో తరగతి. స్కూల్లో ఇచ్చిన ఆ కాగితం మీద మూడు గళ్ళు ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, అరవైల్లో ఒకే ఒక్క రోజు గురించి నింపాలి. ఆ రోజు ఏం తిన్నారు, వినోదం ఏమిటి, వార్త ఏమిటి.

"తాతా, నీకు సిక్స్టీస్‌లో ఒక రోజు గుర్తుందా? ఫుల్ డే గుర్తుండాలి" అంది.

"ఒకటి గుర్తుంది" అన్నాను, ఆలోచించకుండానే.

"డేట్?"

"తేదీ తెలీదు. నాగుల చవితి మరునాడు, శుక్రవారం. చైనాతో యుద్ధం వచ్చిన సంవత్సరం."

"నాగుల చవితి అంటే?"

"పుట్టలో పాముకి పాలు పోసే పండగ."

పెన్సిల్ ఆగింది. "రియల్ స్నేకా?"

"లోపలుంటే రియలే."

"మా టీచర్ నమ్మదు తాతా."

"నమ్మకపోతే ఇంటికి రమ్మను, నేను చెబుతాను" అన్నాను. అది నవ్వుకుంటూ రాసుకుంది. మొదటి గడి తేలిగ్గానే నిండింది. పండగ నాటి నువ్వుల చిమ్మిలి మిగిలితే, పొద్దున్నే రెండు ఉండలు తిన్నాను. రెండోదీ తేలికే. ఊళ్ళోకి సినిమా బండి వచ్చింది. మూడో గడి దగ్గర మాత్రం నా నోరు మళ్ళీ పాత దారి పట్టింది. మిలిటరీ రైలు మా స్టేషన్‌లో ఆగుతుందని రేడియోలో చెప్పారనీ, ఊళ్ళో ఒక అక్క వెళ్ళి ఎదురుచూసిందనీ, రైలు రాలేదనీ చెప్పాను. అది ఇంగ్లీషులో ఏదో రాసింది. చదివి చూస్తే, 'రేడియో తప్పు చెప్పింది' అని ఉంది. నేను సరిదిద్దలేదు. నా తప్పుకి అలా ఒక రేడియోని దోషిని చేశాను.

అసలు జరిగింది ఇది.

మా ఊళ్ళో అందరికీ కలిపి ఒకటే రేడియో. అది పంచాయతీ ఆఫీసులో, తాళం వేసిన చెక్కపెట్టెలో ఉండేది. వార్తల వేళకి బంట్రోతు తాళం తీసి, మీట తిప్పేవాడు. గోడకి బిగించిన గొట్టం మైకులోంచి మాటలు వీధిలోకి వచ్చేవి. మగవాళ్ళు మెట్ల మీదా అరుగు మీదా కూర్చుని వినేవారు. ఆడవాళ్ళు అక్కడికి వచ్చేవారు కాదు. రాకూడదని ఎవరూ అనలేదు, అయినా వచ్చేవారు కాదు. పేపరు ఒక్కటే వచ్చేది, అదీ మరునాటికి. దాన్ని కూడా ఆ అరుగు మీదే చదివేవారు.

మా పక్కింటి అక్కకి అప్పుడు ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. పెళ్ళయి రెండేళ్ళు. ఆవిడ భర్త సైన్యంలో ఉండేవాడు. యుద్ధం మొదలయ్యాక ఆయన దగ్గర నుంచి ఉత్తరం లేదు. అందుకని మా అమ్మ నాకో పని అప్పగించింది. రోజూ పొద్దున్నా సాయంత్రం పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి వార్తలు విని, వచ్చి పెరటి గోడ దగ్గర అక్కకి చెప్పాలి. ఆ గోడ నా భుజాల దాకా ఉండేది. అవతల అక్క నిలబడి, వార్తకో వేలు మడుచుకుంటూ వినేది. ముందు ముఖ్యాంశాలు, తర్వాత వివరాలు, రేడియోలో చదివిన వరుసలోనే చెప్పాలి. వరుస తప్పితే పట్టుకునేది. "దీని ముందు ఇంకోటి ఉండాలి కదరా, మింగేశావా?" అనేది. ఆవిడకి నేను చెప్పిందే వార్త. ఆ సంగతి నాకు తెలుసు, గర్వంగానూ ఉండేది.

ఆ శుక్రవారం పొద్దున నేను పంచాయతీ ఆఫీసు మెట్ల దాకా వెళ్ళాను. సరిగ్గా అప్పుడే సినిమా బండి వచ్చింది. ఊరి చివర డేరా వేసిన టూరింగ్ టాకీసులో బొమ్మ మారిన రోజు. ఎడ్లబండికి రెండు పక్కలా పోస్టర్లు, ముందు డప్పు, వెనక కరపత్రాలు విసిరే మనిషి. నా దగ్గర గులాబీ రంగువీ, పసుపువీ చాలా ఉన్నాయి. ఆకుపచ్చది ఒక్కటీ లేదు. ఆ రోజు అతని చేతిలో ఆకుపచ్చ కట్ట ఉంది. బండి వెంట పరిగెత్తాను. రెండు వీధులు తిరిగాక ఒక కాగితం దొరికింది. మూల చిరిగింది గానీ ఆకుపచ్చదే. దాన్ని జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చేసరికి బంట్రోతు చెక్కపెట్టెకి తాళం వేస్తున్నాడు.

అరుగు మీద ఇంకా నలుగురు ఉన్నారు. ఎవరిని అడిగినా చెప్పేవారు. అడిగితే నేను ఎక్కడికి పోయానో తెలిసిపోతుందని అడగలేదు. నా తప్పు అక్కడ మొదలైంది. పిల్లవాడు సినిమా బండి వెంట పరిగెత్తడం తప్పు కాదు.

"ఏం చెప్పారురా?" అంది అక్క, గోడ అవతలి నుంచి.

"ఏమీ లేదక్కా."

"ఏమీ లేకుండా అంతసేపు ఏం చదివారు? మొదటిది చెప్పు."

మొదటిది ఏం చెప్పాలో తెలియలేదు. అంతకు ముందురోజు ఎవరో అంటుంటే విన్న మాట గుర్తొచ్చింది. సైనికుల రైళ్ళు వెళ్తుంటే స్టేషన్లలో జనం పొట్లాలు అందిస్తున్నారట. "మిలిటరీ స్పెషల్ బండ్లు వెళ్తున్నాయట" అన్నాను. ఆవిడ గోడ దగ్గరికి జరిగింది. ఆ కళ్ళలో అంత వెలుగు అంతకు ముందు నేను చూడలేదు. అది చూసి ఇంకొంచెం కలిపాను. ఆ బండి ఇవాళ మన స్టేషన్ మీదుగా వెళ్తుందన్నాను. కాసేపు ఆగుతుందన్నాను.

"ఎన్ని గంటలకి?"

"అది చెప్పలేదక్కా."

ఏదో ఒక వేళ చెప్పి ఉంటే ఆవిడ ఆ వేళకి వెళ్ళి వచ్చేసేది. వేళ తెలియదు కాబట్టి పగలంతా కూర్చోవలసి వచ్చింది.

మధ్యాహ్నం మా తాతయ్య అన్నానికి వచ్చాడు. ఆయన రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. పక్కింటి అమ్మాయి పొద్దున్నే పులిహోర కలిపి, పొట్లాలు కట్టుకుని, అత్తగారు వద్దంటున్నా వినకుండా స్టేషన్‌కి వెళ్ళిందని మా అమ్మ వడ్డిస్తూ చెప్పింది. తాతయ్య చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. నా వైపు చూశాడు.

"రేడియోలో చెప్పారా?"

"చెప్పారు తాతయ్యా."

"యుద్ధం జరుగుతుంటే సైనికుల బండి ఏ ఊళ్ళో ఆగుతుందో రేడియోలో చెబుతార్రా? శత్రువుకి రేడియో లేదా?"

నేను అన్నంలో వేళ్ళు తిప్పుతూ కూర్చున్నాను. ఆయన గొంతు పెంచలేదు. అన్నం సగంలో వదిలేసి, చెయ్యి కడుక్కుని, నన్ను లేవమన్నాడు. స్టేషన్ మైలు దూరం. దారిలో ఒక్క మాటే అన్నాడు. "నేను చెప్పను. చెప్పాల్సింది నువ్వు. ఎప్పుడు చెబుతావో నీ ఇష్టం. చెప్పేదాకా ఆ పిల్ల పక్కనే కూర్చో."

అక్క వేపచెట్టు కింద సిమెంటు బెంచీ మీద ఉంది. ఒళ్ళో బుట్ట, బుట్ట మీద తడిగుడ్డ. పెళ్ళినాటి చీర కట్టుకుంది. మమ్మల్ని చూసి లేచి, "మీరూ వచ్చారా తాతయ్యగారూ? ఇంకా రాలేదండీ" అంది. తాతయ్య తలూపి, పక్క బెంచీ మీద కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు. నన్ను మాత్రం అక్క పక్కన కూర్చోబెట్టాడు.

సిగ్నలు చెయ్యి వాలినప్పుడల్లా అక్క బుట్ట మీద గుడ్డ సవరించేది. మొదట ఒక గూడ్సు వచ్చింది. అక్క బుట్ట ఎత్తుకుని నిలబడి, పెట్టెలన్నీ వెళ్ళిపోయేదాకా చూసి, మళ్ళీ కూర్చుంది. ఇప్పుడు చెబుతాను అనుకున్నాను. ఆవిడ బుట్టలోంచి ఒక పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. "ఆకలేస్తోందేమో, తిను. పొద్దున వార్త మోసుకొచ్చింది నువ్వే కదా" అంది. ఇంకోటి తాతయ్యకి ఇచ్చింది. తాతయ్య పొట్లం విప్పలేదు. పక్కన పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. నేను విప్పాను. తిన్నాను. అబద్ధం చెప్పిన నోటితోనే ఆ పులిహోర తిన్నాను. పోపులో వేరుశెనగపప్పు ఎక్కువ పడింది. ఈనాటికీ ఆ రుచి నోట్లో ఉంది.

తర్వాత మెయిల్ వచ్చింది. మా స్టేషన్‌లో ఆగని బండి అది. ఏ పెట్టెలోనో ఖాకీ చొక్కాలు కనిపించాయి కాబోలు, అక్క ఒక్కసారిగా లేచి బండి పక్కనే పరిగెత్తింది. కొంగు గాలికి ఎగిరిపోతోంది. ఒక చేత్తో బుట్ట, రెండో చెయ్యి కిటికీల వైపు చాపింది. "వెనక్కి రా తల్లీ, వెనక్కి" అని పోర్టరు అరుస్తూ వెళ్ళి, ఆవిడ మోచెయ్యి పట్టుకుని లాగాడు. బండి వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం అంచుకి ఆవిడ పాదాలు ఎంత దగ్గరగా ఉన్నాయో నేను చూశాను. తాతయ్య కూడా లేచి నిలబడ్డాడు. నన్ను చూసిన చూపులో కోపం లేదు. అడుగుతున్నట్టుగా ఉంది. నేను తల దించుకున్నాను.

అక్క వచ్చి కూర్చుని, ఊపిరి తీసుకుంటూ, "అందులో లేరు" అంది నాతో. నాకేదో ధైర్యం చెబుతున్నట్టుగా.

సాయంత్రం పాసింజరు వచ్చేదాకా అలాగే కూర్చున్నాం. అది వచ్చాక తాతయ్య లేచి, "పద తల్లీ, పొద్దు వాలుతోంది. ఇవాళ్టికి చాలు" అన్నాడు. అక్క పొట్లాలన్నీ పాసింజరులో ఉన్నవాళ్ళకి పంచేసింది. ఇంటికి నడుస్తుంటే ఖాళీ బుట్ట తాతయ్య పట్టుకున్నాడు. అక్క ఇంట్లోకి వెళ్ళాక మా గుమ్మం ముందు ఆగాడు.

"నీ చెవి పట్టుకుని చెప్పించడం నాకు చేతకాక కాదు. దెబ్బకి చెప్పిన నిజం దెబ్బ మానగానే మర్చిపోతావు. కానీ ఒకటి. ఇవాళ చెప్పడం కష్టమైంది కదా? రేపు ఇంకా కష్టం. ఎల్లుండి ఇంకా." అంతే అని లోపలికి వెళ్ళిపోయాడు. నేను కొట్టించుకోవాలని ఎంత కోరుకున్నానో ఆ సాయంత్రం.

మరునాడు పొద్దున అక్క మళ్ళీ గోడ దగ్గరికి వచ్చి, "ఇవాళ ఏం చెప్పారురా?" అని అడిగింది. అదే గొంతు, అదే నమ్మకం. ఆ రోజు నుంచి ఒక్క వార్తా వదలలేదు, వరుస తప్పలేదు. కానీ చెప్పాల్సింది చెప్పలేదు. వేసవిలో ఆవిడ భర్త క్షేమంగా తిరిగి వచ్చి, ఆవిణ్ణి తనతో తీసుకెళ్ళాడు. నా పదమూడో ఏట తాతయ్య పోయాడు. ఆ విషయం ఆయన మళ్ళీ ఎత్తలేదు. నా మీద ఆశ వదులుకున్నాడో, నాకు ఇంకా గడువు ఉందనుకున్నాడో తెలియదు.

మళ్ళీ పిస్కాటవేకి వస్తాను. స్కూల్లో చదవడానికి ముందురోజు సాయంత్రం మనవరాలు హాల్లో నిలబడి తన కాగితం చదివి వినిపించింది. మా అమ్మాయి వంటింట్లోంచి వింటోంది. పాము దగ్గర నవ్వింది, సినిమా బండి దగ్గర మళ్ళీ చదవమంది. మూడో గడి మధ్యలో పిల్ల తనంతట తనే ఆగిపోయింది.

"తాతా, వార్ టైంలో ఆర్మీ ట్రైన్ ఎక్కడ ఆగుతుందో రేడియోలో ఎందుకు చెప్తారు? ఎనిమీ వింటాడు కదా?"

యాభై ఏళ్ళ తర్వాత అదే ప్రశ్న. ఆ ముఖంలో మా తాతయ్య పోలికలు లేవు. పలికిన తెలుగు కూడా ఆయనది కాదు. అయినా నాకు అన్నంలో వేళ్ళు తిప్పుతున్నట్టే అనిపించింది.

"రేడియో చెప్పలేదమ్మా" అన్నాను. "నేను చెప్పాను. అబద్ధం."

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. మొత్తం చెప్పాను, పులిహోరతో సహా. మనవరాలు నేల మీద కూర్చుని విన్నది. అంతా అయ్యాక అడిగింది.

"సారీ చెప్పావా?"

"లేదు."

"ఆ ఆంటీ చచ్చిపోయిందా?"

"లేదు. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో, వాళ్ళ అమ్మాయి దగ్గర ఉందట. మా చెల్లెలు చెప్పింది."

"మరి కాల్ చేయి" అంది, అదేమంత కష్టమన్నట్టు. రబ్బరు తీసుకుని మూడో గడి చెరపడం మొదలుపెట్టింది.

చేశాను. ముందు ఆవిడ కూతురు ఎత్తి, ఎవరో ఏమిటో కనుక్కుని, "అమ్మా, మీ ఊరి అంకుల్ అట" అని ఇచ్చింది. పెరటి గోడ గుర్తు చేయగానే అక్క, "ఓరి, వార్తలబ్బాయివా? జుట్టుందా, పోయిందా?" అని నవ్వింది. ఆ నవ్వు ముగిస్తే ఇక చెప్పలేనని తెలిసి, నవ్వు మధ్యలోనే చెప్పేశాను. ఆవిడ నవ్వు ఆపి విన్నది.

"ఇంకేమైనా ఉందా?" అంది.

"లేదక్కా. అంతే."

"నేను మర్నాడూ వెళ్ళానురా. ఆ తర్వాత ఇంకో మూడు రోజులు. బండి ఆలస్యమైందేమో అనుకున్నాను. గుడికని చెప్పి వెళ్ళేదాన్ని. మా అత్తగారికి తెలిసిపోయింది. మొగుడు యుద్ధంలో ఉంటే స్టేషన్‌లో షికార్లా అని నేను ఊరు వదిలేదాకా దెప్పింది. ఆఖరి రోజు మీ తాతయ్యగారు వచ్చి, 'ఇంక రాకు తల్లీ' అన్నారు. ఎందుకండీ అంటే చెప్పలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి, మా ఆయనకేదో అయిందనీ, దాస్తున్నారనీ అనుకున్నాను. మా ఆయన ఉత్తరం వచ్చేదాకా అలా అనుకుంటూనే బతికాను."

ఒక్క రోజు తప్పు అనుకుని యాభై ఏళ్ళు మోశాను. అది అయిదు రోజులనీ, ఆ తర్వాత ఉత్తరం వచ్చేదాకా సాగిన భయమనీ అప్పుడు తెలిసింది. క్షమించమని అన్నాను. ఆవిడ క్షమించాననలేదు.

"సరే. ఆ రోజు అసలు వార్త ఏమిటి మరి?" అంది.

"తెలీదక్కా. నేను వినలేదు."

"అయితే నీ పని ఇంకా అవలేదు" అని ఫోను పెట్టేసింది.

మా పక్కన అద్దెకుంటూ ఎమ్మెస్ చదివే గుంటూరు అమ్మాయి ఒకతె యూనివర్సిటీ లైబ్రరీలో పార్ట్‌టైం పనిచేస్తోంది. పాత ఇండియా పేపర్లు అక్కడ ఫిల్ము రీళ్ళలో ఉన్నాయంది. తిథిని బట్టి తేదీ కూడా కంప్యూటర్లో తనే వెతికి పెట్టింది. శనివారం నన్నూ మనవరాలినీ తీసుకెళ్ళి, రీలు ఎక్కించి, "అంకుల్, ఈ పిడి తిప్పండి, మెల్లగా" అని చూపించింది. తిప్పాను. రోజులు గిర్రున తిరిగి, ఆ రోజు వార్తలున్న ఇంగ్లీషు పేపరు తెర మీద ఆగింది. బియ్యం ధరల గురించి ఒకటి. రక్షణ నిధికి ఆడవాళ్ళు నగలు ఇస్తున్నారని ఒకటి. వర్షాలు ఒకటి. వాటి మధ్యలో, సరిహద్దులో ఆ రోజు చెప్పుకోదగ్గ పోరాటం ఏమీ లేదని నాలుగు వరుసలు.

అవి చాలాసార్లు చదివాను. మనవరాలు నా మోచెయ్యి కదిపింది. ఆ పొద్దున నేను మెట్ల మీదే కూర్చుని ఉంటే, గోడ దగ్గరికి ఈ మాటే తెచ్చేవాణ్ణి. అక్క ఆ రోజు నిమ్మళంగా అన్నం తినేది. నేను అబద్ధంతో ఇవ్వాలనుకున్న సంతోషం నిజంలోనే ఉంది.

అక్కడే కాగితం మీద తెలుగులో రాసుకున్నాను. ఆదివారం పొద్దున ఫ్రిస్కోకి ఫోను చేశాను. రేడియోలో చదివిన మాటలు ఇవే కావనీ, పేపర్లో దొరికినవనీ ముందే చెప్పాను. ముఖ్యాంశాలు మొదట, తర్వాత వివరాలు, వరుస తప్పకుండా చదివాను. అవతల ఆవిడ వేళ్ళు మడుస్తోందని నాకు తెలుసు.

"నాలుగేనా?"

"నాలుగే అక్కా."

"ఇంత మంచి వార్త పెట్టుకుని రైలెందుకురా తెచ్చావు, వెధవా" అంది. ఆపైన, "మరి ఇవాళ్టివి?" అని అడిగింది.

ఆవిడకి చూపు బాగా తగ్గిపోయింది. పేపరు చదవలేదు. టీవీలో అందరూ ఒకేసారి అరుస్తారని పెట్టనివ్వదు. అందుకని ఆ రోజు నుంచి, అమెరికాలో ఉన్నా ఇండియాలో ఉన్నా, రోజూ ఒక వేళకి ఫోను చేసి వార్తలు చదివి వినిపిస్తున్నాను. ఆవిడ ఇప్పటికీ వరుస పట్టుకుంటుంది, ఇప్పటికీ మధ్యలో ప్రశ్నలు వేస్తుంది. ఒక్కోసారి ఆవిడ అడిగిన సంగతి నాకు తెలియదు. అప్పుడు నా నోటికి ఏదో ఒకటి అందుతూనే ఉంటుంది, ఈ వయసులో కూడా. ఒక్క క్షణం ఆగుతాను. "అది నేను చదవలేదక్కా, చూసి రేపు చెబుతాను" అంటాను.

"సరే, రేపే చెప్పు" అంటుంది.